ప్రేమకథయు ఉత్కంఠయు: పింగళి సూరన

(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)

  

మన గ్రంథాలయమున కొంతకాలముగా ఒక వివాదము నడచుచున్నది. ప్రేమకథలకును, అపరాధ పరిశోధక నవలలకును గ్రంథాలయ ధనము వెచ్చింపరాదనియు, అవి యువజనుల మనస్సులను చెరచుననియు కొందరు పెద్దలందురు. చందాదారులు వచ్చునదే ఆ పుస్తకములకొరకని తక్కినవారందురు. ఈ తగవునకు సాక్షిగా నేడొక ప్రాచీనకవిని పిలిచెదను. ఆయన పింగళి సూరన.

యద్దనపూడి సులోచనారాణిగారి నవలలలో ప్రేమయు, కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరుని కథలలో రహస్యమును మన పాఠకులకు పరిచితములే. ఆ రెండును కలిసినది యండమూరి వీరేంద్రనాథ్‌గారి ‘వెన్నెల్లో ఆడపిల్ల’. అందు నాయిక టెలిఫోనులో గొంతు మాత్రము వినిపించి, తన జాడ కనుగొనుమని నాయకునితో పందెము వేయును. ఆమె ఎవరో తెలియగోరి పుటలు త్రిప్పనివారెవరు? ఇట్టి కథ మనకు నిన్నమొన్న వచ్చినదని తలచువారు సూరనను చదువవలెను. ఆయన 16వ శతాబ్దమువాడు.

ఆయన రచనలలో గరుడపురాణము మనకు దక్కలేదు. రాఘవపాండవీయము ద్వ్యర్థికావ్యము. అందలి పద్యమును ఒక విధముగ విడదీసిన రామాయణకథ, మరియొక విధముగ విడదీసిన భారతకథ. పండితులు దీనిని శబ్దచమత్కారముగా మెచ్చుకొందురు. నాకు మాత్రము ఇది ఆయన కథకుడగుటకు చేసిన సాధనగా తోచును. ఒక మాటలో రెండర్థములు దాచ నేర్చినవాడు, పిదప ఒక రూపమున ఇద్దరు వ్యక్తులను దాచ నేర్చెను.

ఆ నేర్పు ఫలించినది కళాపూర్ణోదయమున. అపూర్వమైన కథ కావలెనని నంద్యాల కృష్ణరాజు కోరగా సూరన దీనిని రచించెను. నాటి ప్రబంధకవులు సామాన్యముగ పురాణమునుండి చిన్నకథ గైకొని వర్ణనలతో పెంచెడివారు. సూరన ఎనిమిది ఆశ్వాసముల కథను తానే కల్పించెను. జన్మాంతరముల ముడి బాణుని కాదంబరిలోను గలదు గాని, ఈ అల్లిక ఈయనదే.

కథ ద్వారకలో కలభాషిణి యను వేశ్యాకన్యతో ఆరంభమగును. ఆమె మనసు నలకూబరునిపై, మణికంధరుడను గంధర్వుని మనసు రంభపై. కోరిన రూపము ధరింపగల శక్తి లభించిన పిదప ఎవరు ఎవరో పాఠకునకే తెలియదు. ఇద్దరు రంభలు ఎదురుపడి, నేనే నిజమైన రంభనని వాదులాడుకొందురు. కళాపూర్ణుని పేరు ముందుగానే వినబడును. ఆతడెవరో చాల దూరము పోవువరకు తెలియదు. బ్రహ్మ సరస్వతితో ఏకాంతమున చెప్పిన కథ ఒక చిలుక చెవిని పడుటయే ఇంతకును మూలము. తుదకు పసిబిడ్డయైన మధురలాలస నోట పూర్వజన్మవృత్తాంతము పలికించి కవి ముడి విప్పును. ముందు చదివిన చిన్న విషయములన్నియు అప్పుడు తమ తమ స్థానములలో కూర్చొనును. ఒక్క పద్దు మిగులదు.

ఇక ప్రభావతీప్రద్యుమ్నము. సూరన దీనిని తన తండ్రికే అంకితమొసగెను. కథామూలము హరివంశము. వజ్రనాభుని పురమున అతని అనుమతి లేనిదే ఎవరును ప్రవేశింపరాదు. ఆ రాక్షసుని కూతురు ప్రభావతి. ఆమెను వలచినవాడు శత్రువగు కృష్ణుని కుమారుడు ప్రద్యుమ్నుడు. శుచిముఖి యను హంస వారి నడుమ దూత. ప్రద్యుమ్నుడు నటులతోకూడి వేషమున పురము చొచ్చును. వేషము బయటపడిన ప్రాణాపాయము. బయటపడకున్న ప్రేమ నెరవేరదు. కళాపూర్ణోదయమున జరిగినది ఏమి అను ఉత్కంఠ. ఇచట జరుగబోవునది ఏమి అను ఉత్కంఠ. నేటి నవలాకారులు వాడుకొనునవి ఈ రెండే.

ఈ విషయమును గుర్తించుటలో మన చిత్తూరు సీమకును పాలుగలదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో వెలువడిన ‘కవిత్వతత్త్వ విచారము’న కళాపూర్ణోదయమును విశేషముగ విమర్శించి, వర్ణనలకంటె కథానిర్మాణము ముఖ్యమని సూరన ప్రతిభను చాటిరి. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గారలు కళాపూర్ణోదయమును 2002లోను, ప్రభావతీప్రద్యుమ్నమును 2006లోను ఆంగ్లమున ప్రకటించి, వీనిని నవలలుగా పరిగణించిరి.

ప్రేమకథ మనసును చెరచునందురా? సూరన వ్రాసిన శాలీనుడు, సుగాత్రి అను దంపతుల కథ చూడుడు. సర్వాలంకారములతో వచ్చిన భార్యను ఆ సిగ్గరి కన్నెత్తి చూడడు. గాలివాన రాగా ఆమె నగలు తీసివేసి, తోటలో అతనితోపాటు చెమటోడ్చి పనిచేసిననాడు అతని మనసు ఆమెపై నిలిచెను. మన పొలములలో కలిసి పనిచేయు దంపతులకు ఈ మాట వ్యాఖ్యానము లేకయే తెలియును. సారంగపాణి పదములు పుట్టిన కార్వేటినగరమునకు శృంగారము క్రొత్తయు కాదు, వెరపును కాదు.

కావున నా మనవి ఇది. నవలలు కొనుట మానవలదు. మంచిచెడ్డలకు ఒక కొలత మాత్రము పెట్టుకొందము. రహస్యము తెలిసిన పిమ్మట మరల చదువబుద్ధి పుట్టునదే మంచి కథ. దీనికి విమర్శకుడు అక్కరలేదు; మన పుస్తకముల రిజిస్టరు చాలును. ఒకే పుస్తకమునకు ఎదురుగ ఒకే చందాదారుని పేరు రెండవమారు కనబడినచో, అట్టి పుస్తకమునకు వెచ్చించిన రూపాయి వ్యర్థము కాలేదని గ్రహింపవలెను.

మన బీరువాలోని కళాపూర్ణోదయముపై చాలకాలముగా తేదీముద్ర పడలేదు. అది పాఠకుల దోషము కాదు. ఆ పుస్తకమున ఏమున్నదో వారికి మనము చెప్పలేదు. దానిని ప్రబంధముల బీరువానుండి తీసి, మీరు రోజు చేయిజాపెడి నవలల వరుసలో ఉంచవలెనని కార్యవర్గమును ప్రార్థించుచున్నాను. పద్యము కష్టమని వెనుదీయవలదు. ప్రతి ఆదివారము సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట ఇచటనే కూర్చుండి, కొన్ని పద్యములు చదివి అర్థము చెప్పుటకు నేను సిద్ధముగ నున్నాను. మొదటి వారము ఇద్దరు వచ్చినను చాలును. కథ ఎచట ఆపవలెనో సూరనకు తెలియును. రెండవ వారము వారే మరి నలుగురిని పిలుచుకొని వత్తురు.