ఆటిజం అంటే పిచ్చి కాదు



పిలిస్తే పలకని పిల్లలుంటరు. కండ్లలోకి చూడరు. బోరు మోటారు చప్పుడుకే చెవులు మూసుకుంటరు. 'పిచ్చోడు', 'మొద్దు' అంటది ఊరు. ఆ మాటలకు జడిసి తల్లి బిడ్డను పండుగకు కూడా బయటికి తేదు.

ఇటువంటి పిల్లల్లో కొందరికి ఉన్నది ఆటిజం. వాళ్లను ఆటిస్టిక్ అంటరు. పుట్టుకతోనే మెదడు వేరే తీరుగా ఎదుగుతది. గాలి సోకుడు కాదు, అంటుకోదు. ఒకప్పుడు అమెరికాలో పెద్ద డాక్టర్లే 'తల్లి ప్రేమ చాలలేదు' అన్నరు. ఎంత అన్యాయం! అది తప్పని తేలింది.

1995 వికలాంగుల చట్టంలో ఈ మాట లేదు. 2016 చట్టంలో చేరింది. డాక్టరు తేల్చినంక దవాఖానలో, బడిలో, ఆఫీసులో ఈ మాటే చెప్పాలె. సర్టిఫికెట్ అడగాలె. తిట్టుగా మాత్రం వాడొద్దు.

వాకిట్లో పిలిచేటప్పుడు పేరు పెట్టి పిలవాలె. పలకకున్నా వినే పిల్లలు చాలామంది.