ఒపాబీనియా: ఒక శిలాజాన్ని చదివిన చరిత్ర

ఒపాబీనియా రేగాలిస్ సుమారు 50 కోట్ల 80 లక్షల ఏళ్ళ కిందట, కేంబ్రియన్ యుగంలో, సముద్రంలో బతికిన మెత్తని ఒంటి జీవి. పొడవు 4 నుంచి 7 సెంటీమీటర్లు. తలమీద అయిదు కళ్ళు. తల ముందుభాగం నుంచి ఎటు కావాలంటే అటు వంగే తొండం, ఆ తొండం చివర ముళ్ళున్న పట్టుకారు. ఒంటికి 15 ఖండాలు. ప్రతి ఖండానికీ ఇరుపక్కలా రెక్కల్లాంటి తమ్మెలు. వెనక మూడు జతల తమ్మెలు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. తొండంతో తిండి అందుకుని నోటికి చేర్చుకునేదని అంచనా. ఏనుగును చూసి పెరిగినవారికి ఇందులో వింత లేదు. వింతంతా నోటిలోనే ఉంది: అది తల కింద, వెనక్కి తిరిగి ఉంటుంది. అందుకే పేగు మొదట్లో కొక్కెంలా వంపు తిరుగుతుంది.

ఢిల్లీ రిడ్జి రాళ్ళలో ఇలాంటి జీవిని వెతికి లాభం లేదు. అక్కడి క్వార్ట్‌జైట్ రాయి, జంతువులు పుట్టకముందే పేరుకున్న ఇసుక. తెలుగు ఇళ్ళలో పరిచే బేతంచెర్ల నాపరాళ్ళూ, తాండూరు బండలూ కేంబ్రియన్ యుగానికి ముందరివే. కేంబ్రియన్ జంతువుల కోసం హిమాలయాలు ఎక్కాలి. స్పితి లోయలో భూగర్భ శాస్త్రవేత్త హేడెన్ సేకరించిన కేంబ్రియన్ శిలాజాలను కౌపర్ రీడ్ 1910లో వర్ణించాడు. వాటిలో పేరుమోసినవి ట్రైలోబైట్లు. వాటి వీపున గట్టి పెంకు ఉంటుంది కనుక అవి రాతిలో నిలిచాయి. పెంకు లేని జీవి అలా నిలవాలంటే కుళ్ళకముందే బురద దాన్ని కప్పెయ్యాలి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో జరిగింది అదే. సముద్రంలోని నిట్టనిలువు చరియ పాదాన సన్నని బురద ఒక్కసారిగా వచ్చిపడి జీవులను పూడ్చేసింది. ఒపాబీనియా అక్కడ పలచని నల్లటి పొరగా మిగిలింది.

బర్గెస్ షేల్ అనే ఆ రాళ్ళను స్మిత్‌సోనియన్ సంస్థ కార్యదర్శి చార్లెస్ వాల్కాట్ 1909లో గుర్తించాడు. ఆయన అక్కడినుంచి సేకరించిన శిలాజాలు 65,000కు పైనే. 1912లో ఈ జీవికి దగ్గర్లోని ఒపాబిన్ కనుమ పేరు పెట్టాడు. స్టోనీ ప్రజల భాషలో ఆ మాటకు రాతినేల అని అర్థం. రొయ్యల బంధువుల్లో ఒకటిగా దీన్ని వర్గీకరించాడు. 1930లో ఎవలిన్ హచిన్సన్ దీన్ని వానగుంటల్లో వెల్లకిలా ఈదే చిన్న రొయ్యల కోవలో చేర్చాడు. ఇద్దరూ సమర్థులే. తెలిసిన గూటిలో పెట్టాలన్న తొందర వాళ్ళను పక్కదారి పట్టించింది. కాళ్ళు కనబడకపోయినా ఉండి తీరతాయని నమ్మారు.

అసలు పని శిలాజ శాస్త్రవేత్త హ్యారీ విటింగ్టన్ చేతిలో జరిగింది. దంతవైద్యుల డ్రిల్లు లాంటి సన్న పనిముట్టుతో, సూక్ష్మదర్శిని కింద, ఆయన శిలాజాన్ని పొర తర్వాత పొరగా ఒలిచాడు. కాళ్ళుంటే తమ్మెల అడుగున దొరకాలి. అక్కడ ఏమీ దొరకలేదు. తల దగ్గర తొలిస్తే, జంట అవయవాలనుకున్నది ఒక్క తొండమని తేలింది. 1972లో ఆక్స్‌ఫర్డ్ సమావేశంలో ఆయన రూపొందించిన ఒపాబీనియా బొమ్మ తెరమీదికి రాగానే సభ అంతా పగలబడి నవ్వింది. ఈ నవ్వే తరచుగా కథగా చెబుతారు కానీ, చెప్పుకోవలసినది ఆ చేతి ఓపిక. 1975లో ఆయన వ్యాసం వెలువడింది. ఇది సంధిపాది (కీళ్ళ కాళ్ళ జీవి) కాదు, తెలిసిన మరే వర్గానికీ చెందదు అన్నది ఆయన నిర్ణయం. 1989లో స్టీఫెన్ జే గౌల్డ్ 'వండర్‌ఫుల్ లైఫ్'తో దీన్ని సామాన్య పాఠకుల దగ్గరికి చేర్చాడు.

తర్వాతి చర్చ కాళ్ళ దగ్గరికే తిరిగొచ్చింది. శిలాజాల్లో ఒంటి అడుగున వరసగా కనిపించే ముక్కోణపు మచ్చలు కీళ్ళు లేని మెత్తని పొట్టికాళ్ళని గ్రాహం బడ్ 1996లో వాదించాడు. అవి పేగు కొమ్మలని 2007లో ఝాంగ్, బ్రిగ్స్ అన్నారు. 2012లో బడ్, డేలీ మళ్ళీ కాళ్ళ పక్షాన నిలిచారు. కాళ్ళ మాట ఎలా ఉన్నా, ఇది సంధిపాదుల వంశవృక్షంలో, నేటి సంధిపాదుల కొమ్మలు చీలకముందరి మానుకు చెందినదని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు. అనోమలోకారిస్ వంటివి దీనికి చుట్టాలు. కీళ్ళ కాళ్ళు, గట్టి పెంకు, సంయుక్త నేత్రాలు అన్నీ ఒక్కసారిగా రాలేదని, ఒకదాని వెనక ఒకటిగా సమకూరాయని చెప్పే సాక్షుల్లో ఇది ముఖ్యమైనది.

బర్గెస్ షేల్‌లోని గ్రేటర్ ఫిల్లోపోడ్ బెడ్ పొరల్లో లెక్కకు వచ్చిన ఒపాబీనియాలు 42. అక్కడి జీవుల్లో ఇవి వెయ్యికొకటి కూడా కావు. చాలాకాలం దీనికి దగ్గర బంధువే తేలలేదు. ఆ లోటు 2022లో తీరింది. యూటా రాష్ట్రపు శిలాజాన్ని 2008లో అనోమలోకారిస్ అనుకున్నారు. తిరిగి పరిశీలించి ఒపాబీనియా కుటుంబంలో చేర్చి యూటారోరా అని పేరు పెట్టారు. అదే ఏడాది వేల్స్‌లోని కాసిల్ బ్యాంక్ నుంచి మియరిద్దూరిన్ అనే మరో తొండపు జీవి బయటపడింది. అది ఒపాబీనియాకు సుమారు 4 కోట్ల ఏళ్ళ తర్వాతి ఆర్డోవీషియన్ యుగానిది. దొరికిన రెండిట్లో పెద్దది 13 మిల్లీమీటర్లే. దాని తొండానికి ముళ్ళున్నాయి. అది ఒపాబీనియా కుటుంబానిదేనా, లేక సంధిపాదులకు మరింత దగ్గరదా అన్నది ఇంకా పరిశీలనలోనే ఉంది.