పొరపాటును రాసుకునే అలవాటు



పనిలో నైపుణ్యం పెంచుకోవడం, ఉద్యోగంలో పైకి రావడం అనగానే మనకు కొన్ని మాటలు గుర్తుకొస్తాయి. వేళకు వెళ్ళాలి, ఒళ్ళు దాచుకోకుండా పని చేయాలి, పైవాళ్ళతో మర్యాదగా ఉండాలి. ఇవన్నీ అవసరమే. అయితే ఇవాళ నేను ఇంకో చిన్న సంగతి చెప్పదలచుకున్నాను. పనిలో పొరపాటు జరిగినప్పుడు మనం ఏం చేస్తాం? దాస్తామా, చెబుతామా? ఒక మనిషి ఉద్యోగంలో ఎదగడం గానీ, చేరిన చోటే ఉండిపోవడం గానీ చాలావరకు ఈ ప్రశ్న మీద ఆధారపడి ఉంటుందని నాకు ఒక ఆదివారం నాడు తెలిసింది.

మేముండేది అంబత్తూరు. 1949లో ఏర్పడిన టి.ఐ. సైకిల్స్ సంస్థ ఇక్కడ సైకిళ్ళ తయారీ ప్రారంభించింది. 1960 దశకంలో పారిశ్రామికవాడ వచ్చింది. అందరూ దాన్ని ఎస్టేట్ అనే అంటారు. పెద్ద కంపెనీలకు కావలసిన చిన్న చిన్న విడిభాగాలు తయారు చేసే వర్క్‌షాపులు అక్కడ వందల సంఖ్యలో ఉన్నాయి. నగరి, పుత్తూరు, తిరుత్తణి వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. ఆ ఇళ్ళ పిల్లలే మా విద్యార్థులు. చదువయ్యాక వారిలో చాలామంది ఐ.టి.ఐ. చేసి ఎస్టేట్‌లోనే పనికి కుదురుతారు.

అలాంటి కుర్రాడొకడు ఆ ఆదివారం మా ఇంటికి వచ్చాడు. ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మీద పని చేస్తున్నాడు. మంచినీళ్ళు కూడా తాగకుండా, “టీచర్, ఇంగ్లీషులో ఒక రాజీనామా లెటర్ రాసిస్తారా? ఓనర్ కనుక్కునేలోగా నేనే మానేస్తాను” అన్నాడు.

ఏం జరిగిందని అడిగాను. అతను తయారు చేసేది ఇరవై మిల్లీమీటర్ల మందం ఉండే ఉక్కు పిన్నులు. కొలత మిల్లీమీటరులో నూరో వంతు ఎక్కువైనా, తక్కువైనా ఫరవాలేదు. అంతకు మించి తేడా వస్తే పనికిరాదు. ఒకరోజు టీ తాగి వచ్చి మళ్ళీ కొలిచి చూస్తే, తొమ్మిది పిన్నులు సన్నగా తేలాయి. భయమేసింది. వాటిని ఒక గోనెసంచిలో వేసి, పైన బనియన్ వేస్ట్ గుడ్డలు కప్పి, బల్లకింద పెట్టేశాడు. రెండో షిఫ్టులో అదే మెషిన్ మీదికి వచ్చిన అతనికి ఈ సంగతి తెలియదు. అతనూ అలాగే పని చేసుకుపోయాడు. నాలుగు వందల పిన్నుల సరుకు వెళ్ళిపోయింది. మూడో రోజున మొత్తం తిరిగి వచ్చింది. అందులో అరవైకి పైగా సన్నవే. ఓనర్ అందరినీ నిలబెట్టి “ఎవడు చేశాడు?” అని కేకలేశాడు. ఎవరూ నోరు విప్పలేదు.

“తొమ్మిది చెడిపోయినప్పుడే ఎందుకు చెప్పలేదురా?” అన్నాను.

“చెబితే తిడతారు కదా టీచర్. స్కూల్లో కూడా లెక్క తప్పయితే ఆ పేజీ చించేసేవాణ్ణి. దొరికితే మీరు ఎర్రసిరాతో కొట్టేసి క్లాసంతా చూపించేవారు గదా!” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

లెటర్ తర్వాత రాద్దామని చెప్పి ఒక తెల్లకాగితం ఇచ్చాను. జరిగింది జరిగినట్టు తెలుగులో రాయమన్నాను. రాస్తుంటే పక్కన కూర్చుని ఒక్కటే ప్రశ్న అడుగుతూ వచ్చాను: ఎందుకు?

పిన్నులు ఎందుకు సన్నబడ్డాయి? వేడిగా ఉన్నప్పుడే కొలిచాడు కనుక. ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. ఉక్కు వేడెక్కితే వ్యాకోచిస్తుందని మనం బడిలో చదువుకున్నదే. ఇరవై మిల్లీమీటర్ల పిన్ను నలభై డిగ్రీలు వేడెక్కితే మందం దాదాపు నూరో వంతు మిల్లీమీటరు పెరుగుతుంది. కొలిచే మైక్రోమీటరు మాత్రం చల్లగానే ఉంటుంది. కొలిచినప్పుడు తక్కువవైపు హద్దుకు సరిపోయిన పిన్ను, చల్లారాక హద్దు దాటి సన్నబడుతుంది. కొలతలకు ప్రపంచమంతా పెట్టుకున్న ప్రామాణిక ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీలు. మన అంబత్తూరు మధ్యాహ్నాలకు ఆ భాగ్యం ఎక్కడిది? అందుకే పిన్నునీ మైక్రోమీటరునీ కాసేపు ఒకే చోట ఉంచి, రెండూ ఒకే వేడికి వచ్చాక కొలవాలి.

సరే, పిన్నులు అంత వేడిగా ఎందుకు ఉన్నాయి? కూలెంట్ సరిగా రాలేదు. ఎందుకు రాలేదు? గొట్టంలో ఇనుప రజను అడ్డుపడింది. రజను గొట్టంలోకి ఎలా వెళ్ళింది? తొట్టి దగ్గరున్న జల్లెడ చిరిగిపోయింది. చిరిగిన సంగతి ఎవరూ ఎందుకు చూడలేదు? అతను కలం ఆపి ఆలోచించాడు. “దాన్ని చూడమని ఎవరికీ చెప్పలేదు టీచర్. అది ఎవరి పనీ కాదు” అన్నాడు.

చూశారా? ఎవడు చేశాడు అన్న ప్రశ్నకు జవాబు ఒక మనిషి పేరు. ఎందుకు జరిగింది అన్న ప్రశ్నకు జవాబు ఒక చిరిగిన జల్లెడ. మనిషిని పంపించేస్తే జల్లెడ అలాగే ఉంటుంది. రేపు ఆ మెషిన్ దగ్గరికి ఇంకొకరు వస్తారు, పిన్నులు మళ్ళీ సన్నబడతాయి.

ఇలా ఎందుకు, ఎందుకు అని అయిదుసార్లు అడిగే పద్ధతి నేను కనిపెట్టింది కాదు. జపానులో టయోటా కార్ల కంపెనీకి చెందిన తైచి ఓనో అనే ఇంజనీరు తన పనివారికి నేర్పిన పద్ధతి ఇది. 1950లో ఎడ్వర్డ్స్ డెమింగ్ అనే అమెరికా శాస్త్రవేత్త జపాను వెళ్ళి నాణ్యత గురించి పాఠాలు చెప్పారు. ఆయన పేరుతో అక్కడివారు 1951లో ఒక బహుమతి నెలకొల్పారు. లోపాల్లో ఎక్కువ భాగం పని ఏర్పాటులో నుంచి పుట్టేవే గాని, పనివాడి వల్ల వచ్చేవి కొద్దేనని ఆయన వాదం. సంస్థలు పాటించాలని ఆయన చెప్పిన పద్నాలుగు సూత్రాలలో, పని చేసేచోట భయాన్ని తొలగించాలన్నది ఒకటి. మన దేశంలో డెమింగ్ బహుమతి మొట్టమొదట వచ్చింది ఎక్కడికో తెలుసా? మా ఎస్టేట్‌ను ఆనుకుని ఉన్న పాడికే. 1998లో అక్కడి సుందరం క్లేటన్ సంస్థ బ్రేకుల విభాగం ఆ గౌరవం పొందింది. జపాను మాట మన వీధి చివరిదాకా వచ్చిందన్నమాట.

మా కుర్రాడి కథ ముగించాలి కదా. అతను రాసిన దాన్ని నేను ఇంగ్లీషులోకి మార్చాను. తొమ్మిది పిన్నులు దాచింది తానేనన్న వాక్యాన్ని తీసేద్దామా అని అడిగాడు. ఉంచమన్నాను. ఆ మాట అనేటప్పుడు నా మనసు కూడా నిబ్బరంగా లేదు. ఉద్యోగం పోతే ఇబ్బంది పడేది అతనూ, అతని మీద ఆధారపడిన తల్లీ గాని నేను కాదు.

సోమవారం కాగితం ఇచ్చాడు. ఓనర్ బాగా కేకలేశాడట. ఆ నెల జీతంలో కొంత పట్టుకున్నాడు కూడా. కాని మధ్యాహ్నం తనే వచ్చి ఆ జల్లెడ ఊడదీసి చూశాడు. మెషిన్‌కు తగిలించిన అట్టమీద ‘షిఫ్టు మొదట్లో జల్లెడ చూడాలి’ అని ఒక వరుస కొత్తగా చేరింది. రాజీనామా లెటర్ అవసరం రాలేదు. ఇప్పుడు కొత్తగా చేరిన కుర్రాళ్ళకు మొదటి వారం పని చూపించేది అతనే.

అందుకని శ్రోతలకు నా మనవి. లేత్ దగ్గర నిలబడేవారైనా, ఆఫీసులో ఫైళ్ళు చూసేవారైనా, కొట్లో లెక్కలు రాసేవారైనా ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. రోజూ పని ముగిశాక నాలుగు వరుసలు రాయండి. ఇవాళ ఏం చేశాను, ఎక్కడ తేడా వచ్చింది, ఎందుకు వచ్చింది, నా తర్వాత వచ్చేవారికి ఏం చెప్పాలి. మీకు వచ్చిన భాషలో రాయండి. తెలుగులో రాస్తే తప్పులేదు. మెషిన్ మీద, డ్రాయింగ్‌లో కనిపించే ఇంగ్లీషు మాట, తోటివారు వాడే తమిళ మాట రోజుకొకటి పక్కన చేర్చుకోండి. ఏడాది గడిచేసరికి మీ పని గురించి మీ అంతగా తెలిసినవారు ఆ చోట తక్కువే ఉంటారు. ఇక పొరపాటు జరిగితే, చిన్నగా ఉన్నప్పుడే చెప్పండి. తొమ్మిది పిన్నులప్పుడు చెబితే పోయేది తొమ్మిది పిన్నులే.

పైస్థానంలో ఉన్న పెద్దలకు కూడా ఒక మాట. మీరు కేకలేస్తే పొరపాట్లు ఆగవు, మీ దాకా రావడం ఆగుతుంది, అంతే. మొదట ‘ఏం జరిగింది’ అని అడగండి. నిజం చెప్పినవాడికి, దాచినవాడికి ఒకే శిక్ష వేస్తే రేపటి నుంచి అందరూ దాచేవారే అవుతారు.

ఇంతా చెప్పి నా సంగతి చెప్పకపోతే న్యాయం కాదు. ఆ ఆదివారం తర్వాత నా తరగతిలో ఎవరూ పేజీ చించకూడదని చెప్పాను. తప్పయిన లెక్కను అలాగే ఉంచి, ఎక్కడ తప్పిందో పక్కన రాసిన పిల్లలకు ఒక మార్కు ఇస్తున్నాను. నేను బల్లమీద లెక్క తప్పు చేసినప్పుడు కూడా గబగబా చెరిపేయడం మానుకున్నాను. ‘ఎక్కడ తప్పానో చెప్పండి’ అని పిల్లల్నే అడుగుతున్నాను. మొదట్లో కొంచెం సిగ్గనిపించిన మాట నిజం. ఇప్పుడు పిల్లలు ఆ అవకాశం కోసమే కళ్ళింతలు చేసుకుని చూస్తుంటారు.