వాపున్న నొప్పి, వాపులేని నొప్పి

యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోవడానికి ఇవాళ గార్లలో కూడుకున్నాం. 1895లో భీమవరంలో పుట్టి, అన్నదమ్ములిద్దరిని స్ప్రూ జబ్బుకు పోగొట్టుకుని, 1923లో అమెరికా చేరి, 1948 ఆగస్టులో అక్కడే కన్నుమూసిన మనిషికి ఈ ఊరితో ఏం చుట్టరికమని మీరు అడగవచ్చు. కీళ్లవాతానికి మందు వాడుతున్నవాళ్ల చీటీ ఒకటి తీసి చూడండి. వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్, మరో రోజు ఫోలిక్ యాసిడ్ అని ఉంటుంది. ఆ రెండు గోళీలూ లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన పరిశోధనశాలలోంచి వచ్చినవే.

ఆ మెథోట్రెక్సేట్ ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు? ఇది తేల్చుకోవడానికి వైద్యులు పడిన అవస్థ గురించి మాట్లాడతాను.

పందొమ్మిదో శతాబ్దం దాకా యూరప్‌లోనూ ఒంట్లో ఎక్కడ నొప్పి పుట్టినా వాతమే. 1800లో లాండ్రే-బోవే అనే ఫ్రెంచి వైద్యుడు తన సిద్ధాంత వ్యాసంలో కీళ్లను వంకర చేసే ఒక జబ్బును వేరుచేసి వర్ణించాడు. 1859లో ఆల్ఫ్రెడ్ గారడ్ దానికి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని పేరు పెట్టాడు. శరీరాన్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కీలు లోపలి పొర మీద తిరగబడుతుందన్న సంగతి తెలియడానికి ఇంకో వందేళ్లు పట్టింది. మరి కీలు వాయకుండానే ఒళ్లంతా నొప్పులనేవాళ్ల మాటేమిటి? 1904లో లండన్ వైద్యుడు విలియం గవర్స్, కండరాల మధ్య నారపొరల్లో వాపు ఉంటుందని ఊహించి ఫైబ్రోసైటిస్ అన్నాడు. అదే ఏడు గ్లాస్గోకు చెందిన స్టాక్‌మన్ ఆ వాపు సూక్ష్మదర్శినిలో కనబడిందన్నాడు. తర్వాత వెతికినవాళ్లెవరికీ అది దొరకలేదు. అయినా డెబ్బై ఏళ్లు ఆ పేరే నడిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇలాంటి నొప్పితో వచ్చిన సైనికులకు అమెరికన్ వైద్యులు మనసు వల్ల వచ్చిన వాతమని రాశారు. లేని వాపును ఉందనడం, లేదా ఉన్న నొప్పిని లేదనడం: ఈ రెండు తప్పులూ ఇప్పటికీ మన ఆసుపత్రుల్లో రోజూ జరుగుతూనే ఉన్నాయి.

1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ మంచం పట్టిన రుమటాయిడ్ రోగికి కార్టిసోన్ ఇస్తే ఆమె రోజుల్లోనే లేచి నడిచింది. 1950లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆయన కొడుకు కాలర్ హెంచ్ కూడా కీళ్ల వైద్యుడే. 1976లో ఫైబ్రోమయాల్జియా అనే మాట వాడుకలోకి తెచ్చింది ఆయనే. వాపున్నవాళ్లకు తండ్రి మందు చూపితే, వాపులేనివాళ్లకు కొడుకు పేరు పెట్టాడు.

తండ్రి మందుతో మన పల్లెల్లో వచ్చిన చిక్కు వేరు. ముందు వరుసలో కూర్చున్న ఆర్‌ఎంపీ మిత్రులు కోప్పడవద్దు. ఆ కోవకే చెందిన స్టెరాయిడ్, డెక్సా సూది పడితే రుమటాయిడ్ రోగి సాయంత్రానికల్లా పిడికిలి బిగించగలుగుతాడు. అది నిజమే. కానీ ఫైబ్రోమయాల్జియాలో స్టెరాయిడ్‌తో అణిగే వాపే ఉండదు. రెండు రోజులు హుషారుగా అనిపించి మళ్లీ మొదటికొస్తుంది. మళ్లీ సూది. ఏడాది తిరిగేసరికి ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది. నొప్పి మాత్రం ఎక్కడిదక్కడే.

పరీక్షల చీటీల సంగతి ఇంకో తీరు. నార్వేలో వాలర్ 1940లో, అమెరికాలో రోజ్ 1948లో కనిపెట్టిన రుమటాయిడ్ ఫ్యాక్టర్‌ను మనవాళ్లు ఆర్‌ఏ ఫ్యాక్టర్ అంటారు. అది పాజిటివ్ అయితే కీళ్లవాతం, నెగెటివ్ అయితే ఏమీ లేదు అని మానుకోటలోనూ ఖమ్మంలోనూ ల్యాబ్ మెట్లు దిగకముందే తీర్పు అయిపోతుంది. లెక్క వేసి చూద్దాం. 1996లో పుణె జిల్లా భిగ్వాన్‌లో ఊరు ఊరంతా తిరిగి అడిగారు. పెద్దవాళ్లలో నూటికి 18 మంది కీళ్ల, కండరాల నొప్పులున్నాయన్నారు. రుమటాయిడ్ తేలింది వెయ్యికి అయిదుగురిలో. ఆ అయిదుగురిలో ఫ్యాక్టర్ కనబడేది ముగ్గురిలోనో నలుగురిలోనో. జబ్బు లేనివాళ్లలోనూ నూటికి అయిదుగురి దాకా అది కనబడుతుంది, అంటే వెయ్యికి యాభై మంది. క్షయ, కుష్ఠు ఉన్నవాళ్లలోనూ రావచ్చు. నొప్పులన్న ప్రతివాళ్లకూ ఆ పరీక్ష రాసే ఊళ్లో జబ్బున్నవాళ్ల కంటే లేనివాళ్లకే ఆ ముద్ర ఎక్కువ పడుతుంది. 1998లో వచ్చిన యాంటీ సీసీపీ కొంత నయం. అదీ కొందరు అసలు రోగుల్లో నెగెటివే వస్తుంది.

మిర్చి ఏరేందుకు పోయే ఆవిడ వచ్చి కూర్చుంటుంది. "సారూ, పొద్దుగాల లేస్తె ఒళ్లంత పట్టేసినట్టుంటది" అంటుంది. ఈ ఒక్క మాటతో ఏదీ తేలదు, రెండు జబ్బుల్లోనూ ఇదే మాట. వేళ్లు వాచినట్టుంటయని కూడా రెండింట్లోనూ అంటారు. అప్పుడు డాక్టరు పెన్ను పక్కన పెట్టాలి. వేళ్ల మొదటి కణుపుల వరసను అరచేతిలోకి తీసుకుని మెల్లగా అదమాలి. ఒక్కో కీలునూ బొటనవేళ్లతో తడమాలి. రుమటాయిడ్‌లో ఎముక మీద మెత్తగా, పిండిముద్దలా తగులుతుంది, కణుపుల మధ్య పల్లాలు పూడిపోతాయి. చెంబు పట్టడానికి, కొప్పు ముడవడానికి గంట దాటినా చెయ్యి స్వాధీనంలోకి రాదు, పనిలో పడ్డాక కాస్త సడలుతుంది. ఫైబ్రోమయాల్జియాలో కీలు సన్నగానే ఉంటుంది. కానీ మెడ, భుజం, మోచెయ్యి పక్క, తుంటి, ఎక్కడ నొక్కినా ఉలిక్కిపడుతుంది. నిద్ర పట్టినా అలసట తీరదు, పని చేసినకొద్దీ సొలుపు పెరుగుతుంది. 1990లో అమెరికన్ రుమటాలజీ కాలేజీ ఒంటి మీద 18 చోట్లు గుర్తించి, 11 చోట్ల నొప్పి ఉండాలని నియమం పెట్టింది. 2010లో ఆ నొక్కుడు లెక్క తీసేసి, నొప్పి ఎంత మేర పాకింది, నిద్ర, అలసట, మతిమరుపు ఎలా ఉన్నాయి అని అడగమంది. నొప్పి సంకేతాలను మెదడు, వెన్నుపాము హెచ్చు గొంతుతో వినడమే అసలు లోపమని ఇప్పుడు అనుకుంటున్నారు.

థైరాయిడ్, డి విటమిన్ లోటు, 2006లో ఊళ్లకు ఊళ్లను మంచాన పడేసిన చికున్‌గున్యా కూడా ఇలాంటి వేషాలే వేస్తాయి.

ఇక మందు సంగతి. సుబ్బారావు గారి బృందం చేసిన అమినోప్టెరిన్‌ను 1951లో గబ్నర్ అనే వైద్యుడు కీళ్లవాతానికి ఇచ్చి గుణం చూశాడు. కార్టిసోన్ వెలుగులో ఎవరూ పట్టించుకోలేదు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్‌కు ఈ జబ్బులో అమెరికా అనుమతి వచ్చేసరికి 1988. వారానికి వేసుకోవలసినది రోజూ మింగితే నోరు పుండవుతుంది, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. జబ్బు లేనివాళ్లకు ఇవ్వడానికి అది చక్కెర గోళీ కాదు. ఉన్నవాళ్లకు ఆలస్యమైతే తొలి రెండేళ్లలోనే కీలు అరుగుతుంది.

అన్నిటికన్నా కష్టం, రెండూ ఒకే ఒంట్లో ఉండటం. రుమటాయిడ్ ఉన్న అయిదుగురిలో ఒకరికి దాకా ఫైబ్రోమయాల్జియా కూడా ఉంటుంది. జబ్బు తీవ్రత కొలిచే డాస్-28 లెక్కలో 28 కీళ్లలో వాచినవెన్ని, నొప్పివెన్ని, రోగికి మొత్తం మీద ఎలా ఉంది అన్నవి కలుపుతారు. వాచినవి సున్నా, నొప్పివి ఇరవై ఉన్నా లెక్క పైకే పోతుంది. డాక్టరు మందు పెంచుతాడు, తగ్గదు. ఇంకో ఖరీదైన సూది మొదలుపెడతాడు, దాంతో పాత క్షయ నిద్రలేవవచ్చు. అలాంటిచోట అల్ట్రాసౌండ్ డాప్లర్‌తో కీలు లోపల మంట ఉందో లేదో చూసి, అది చల్లగా ఉంటే మెథోట్రెక్సేట్ ఉన్నచోటే ఉంచాలి. రాత్రిపూట కొద్దిపాటి అమిట్రిప్టిలిన్ ఇచ్చి, నడకతో మొదలుపెట్టి వారం వారం కొంచెం పెంచమని చెప్పాలి. ఇంటాయన్ని కూడా పిలిచి కూర్చోబెట్టి, ఆవిడ నటించడం లేదని అతనికి చెప్పాలి.