ఇంటిచదువునకు సాధనములు



బిడ్డలకు ఇంటివద్ద చదువు చెప్పుటకు తమవద్ద ఏమున్నదని పెక్కురు పెద్దలు ప్రశ్నించుచుందురు. పుస్తకములు మారినవి, బోధనపద్ధతి మారినది, మనుమలు ఆంగ్లమున చదువుచున్నారు. పాతచదువుగల తామేమి చెప్పగలమని వారి సందేహము. పెరటిచెట్టు మందునకు పనికిరాదను సామెత యిచ్చట చక్కగా వర్తించును. సాధనములు ఇంటనే యున్నవి. వానిని సాధనములుగా గుర్తించుటయే మనకు కొరవడినది.

ఈ ఉపేక్షవలని నష్టమును మనము కన్నులార చూచితిమి. 2020వ సంవత్సరము మార్చిమాసమున మహమ్మారివలన పాఠశాలలు మూతపడెను. తరువాత దూరదర్శనమునందు పాఠములు ప్రసారమయ్యెను. కాని ప్రక్కన కూర్చుండి, నీకేమి తెలిసినదని యడుగువారు లేని పసివానికి ఆ పాఠము గోడకు చెప్పినట్లే యయ్యెను. అట్టివారు పెక్కండ్రు బడి తెరచిన పిమ్మట నేర్చిన అక్షరములకై తిరిగి తడవుకొనవలసి వచ్చెను. కావున ఇంట అడుగువారుండుట మొదటి సాధనము. అందులకు పాండిత్యము అక్కరలేదు, ఓర్పు చాలును.

ఇక గణితము. ఎకరము 4,840 చదరపు గజములు. తెలంగాణమున దానిని 40 గుంటలుగను, తక్కిన ఆంధ్రసీమలో 100 సెంట్లుగను లెక్కింతురు. బాలునిచేతికి 11 గజముల త్రాడునిచ్చి పొలమున నాలుగువైపుల చదరముగా గీత గీయుమనుడు. 11ని 11చే గుణింప 121 చదరపు గజములగును, అదియే గుంట. దానిని 40చే గుణించినచో ఎకరము తేలును. ఎకరమును 100చే భాగించి సెంటు ఎంతయో చెప్పుమన్నచో 48.4 వచ్చును. దశాంశభిన్నము ఏల పుట్టినదో అప్పుడు వానికి తానై తోచును.

1956వ సంవత్సరపు చట్టముతో మెట్రిక్ కొలతలు ప్రవేశించినవి. అంతకుముందు మన గాదెలయొద్ద 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక, 2 మానికలు అడ్డ, 2 అడ్డలు కుంచము, 4 కుంచములు తూము, 20 తూములు పుట్టి అను లెక్క పలుచోట్ల నడచుచుండెను. కుంచమునకు సోలలెన్ని, పుట్టికి మానికలెన్ని యని యడుగుడు. మొదటిదానికి 16, రెండవదానికి 320 అని బాలిక నోటిలెక్కగా చెప్పగలిగిననాడు ఎక్కములు ఆమెకు వశమైనట్లే.

ప్రకృతిశాస్త్రమునకు ఒక కఱ్ఱ చాలును. సమతలమగు వాకిట దానిని నిలువుగా నాటి, పగటిపూట నీడ కొనను గంటకొకసారి ముగ్గుతో గుర్తింపజేయుడు. నీడ మిక్కిలి కుఱచయైన క్షణమే నడిమధ్యాహ్నము. మన సీమలో ఏడాదిలో పెక్కుదినములు ఆ నీడ ఉత్తరమునకు పడును. వేసవి నడుమ మొదలై కొన్ని వారములపాటు దక్షిణమునకు తిరుగును. ఏటికి రెండు దినములు నడిమధ్యాహ్నమున నీడయే యుండదు. పూర్వులు శంకుచ్ఛాయ యనునది యిదియే. పంచాంగమునందలి కార్తెలు 27. 365 దినములను 27చే భాగించి ఒక్కొక్క కార్తెకు ఇంచుమించు ఎన్నినాళ్లో కనుగొనుమనుడు.

భాషకు మీ నోరే పుస్తకము. మీరు కథ చెప్పుడు, బిడ్డను వ్రాయనిండు. కండ్లు మసకబారినవారు దినపత్రికను మనుమరాలిచేత చదివించుకొనుడు. మీకు వార్త తెలియును, ఆమెకు చదువు వచ్చును. మేడి, కఱ్ఱు, కాడి మొదలగు పనిముట్ల పేర్లను చూపుచు వ్రాయించినచో, మీతో అంతరింపనున్న మాటలు ఆ పలకమీద నిలుచును.

వెలుపలి సాధనములును కలవు. ఊరనో, దగ్గరి పట్టణముననో గ్రంథాలయముండును. బిడ్డను వెంట గొనిపొండు. 2017లో కేంద్రప్రభుత్వము ఏర్పఱచిన దీక్షయందు పాఠములున్నవి. 2015లో ప్రథమ్ బుక్స్ వారు నెలకొల్పిన స్టోరీవీవర్ నందు తెలుగు కథలును ఉచితముగా లభించును. ఫోనును బిడ్డకు విడిచిపెట్టక, ప్రక్కన కూర్చుండి అరగంట చూపించి పిదప మూయుడు.

ఒక్క హెచ్చరిక. ఇంటిచదువు బడికి తోడే గాని బడి మాన్పించుటకు సాకు కారాదు. 6 మొదలు 14 ఏండ్లవఱకు ఉచిత నిర్బంధవిద్య బిడ్డల హక్కని 2009వ సంవత్సరపు చట్టము చెప్పుచున్నది. పెండ్లివలననో, పేదరికమువలననో చదువాగిన బాలికలు మీ వీథిలో నున్నచో వారికి మార్గము మూసికొనిపోలేదు. 1989లో నెలకొన్న జాతీయ సార్వత్రిక విద్యాపీఠమును, మన రెండు రాష్ట్రముల సార్వత్రిక విద్యాపీఠములును ఇంటనుండి చదివి పదవతరగతికి సమానమగు పరీక్ష వ్రాయుటకు అవకాశ మిచ్చుచున్నవి. ఈ సంగతి తెలియకయే పెక్కండ్రు ఆగిపోవుచున్నారు. ఆ కబురు వారి గడపకు చేర్చుట పెద్దలపని.

దీపము పెట్టిన పిదప అరగంట చాలును. మీ పిల్లలతోపాటు పొరుగుపిల్లలను ఇద్దరిని పిలువుడు. చాప పరచినచోటే బడి యగును.