పాత టెలివిజను తెర, కొత్త తెర
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరము పాటు ఉపగ్రహము ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు ప్రసారమైన సంగతి పెద్దలలో కొందరికి జ్ఞాపకముండవచ్చును. ఊరివారందరును ఒకే పెట్టె ముందు కూర్చుండెడివారు. ఆ పెట్టె తెర చదునుగా నుండెడిది కాదు. బోర్లించిన పళ్లెము వలె చూచువారి వైపునకు ఉబ్బియుండెడిది.

ఆ ఉబ్బు అందము కొరకు పెట్టినది కాదు. తెర వెనుక నున్నది పిక్చరు ట్యూబు అను పెద్ద గాజు బుడ్డి. దాని మెడ నుండి వెలువడు ఎలక్ట్రానులు తెర లోపలి పూతను తాకి వెలుగు పుట్టించును. దారిలో వానికి గాలి అడ్డు రాకుండ లోపలి గాలినంతయు తీసివేసి బుడ్డిని మూసెదరు. అప్పుడు బయటి గాలి చదరపు సెంటీమీటరునకు ఇంచుమించు ఒక కిలో చొప్పున దానిని నొక్కుచుండును. 40 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు గల తెరపై ఈ భారము 1,200 కిలోలు. 75 కిలోల ధాన్యపు బస్తాలు 16 ఒక గాజు పలకపై పేర్చినట్లే! వంతెన కమాను బండ్ల బరువును మోసినట్లు, ఉబ్బిన గాజు ఈ భారమును అంచులకు పంచి తట్టుకొనును.

1990ల చివర చదును తెర గల ట్యూబులు వ్యాప్తికి వచ్చినవి. ఉబ్బు లేని లోటును మందపు గాజుతో పూడ్చవలసి వచ్చెను. ఆ పెట్టెలను ఎత్తిన వారికి వాని బరువు తెలియును. నేటి ఎల్‌సీడీ తెరలకు శూన్యముతో పని లేదు గనుక అవి పలుచగా, చదునుగా నున్నవి.

2013లో లోనికి వంగిన తెరలు అమ్మకమునకు వచ్చినవి. నడుమ కూర్చున్న ఒకరిద్దరికి తప్ప, ప్రక్కల కూర్చున్న వారికి వాని వలన లాభము లేదు. సోనీ, ఎల్‌జీ సంస్థలు 2017 నాటికే వానిని విరమించుకొన్నవి. పంచాయతీ కార్యాలయమునకు గాని, పాఠశాలకు గాని కొనునప్పుడు చదును తెరనే తీసికొనుడు. మిగిలిన సొమ్ముతో మంచి స్పీకరు కొనిన వెనుక వరుస వారికి మేలగును.

ఇక అసలు సంగతికి వచ్చుచున్నాను. పాత పెట్టెలు ఏమగుచున్నవి? లోపలి రాగితీగ కొరకు వానిని రాతితో కొట్టి, గాజును చెరువు గట్టున పారవేయుట కలదు. బుడ్డి పగిలినప్పుడు బయటి గాలి ఒక్కసారిగా లోనికి చొచ్చి గాజు పెంకులు ఎగిరిపడును, కన్ను పోవచ్చును. అంతకు మించిన అపాయము మరియొకటి గలదు. ఎక్స్ కిరణములు బయటికి రాకుండ రంగుల టెలివిజను ట్యూబు వెనుక భాగపు గాజులో సీసము కలిపెదరు. ఆ గాజులో ఐదవ వంతునకు పైగా సీసపు ఆక్సైడే. బుడ్డి పగులనంత వరకు భయము లేదు. పగిలిన పెంకులు, పొడి మట్టిలో నీటిలో చేరినచో సీసము పిల్లల మెదడునకు చేటు చేయును. ఆ హాని తిరిగి పూడునది కాదు.

2023 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్న ఈ-వ్యర్థముల నిబంధనలలో టెలివిజనులు కూడ చేరియున్నవి. పాత పెట్టెలను రిజిస్టరైన శుద్ధి కర్మాగారములకే చేర్చవలెను. వాని జాబితాను కాలుష్య నియంత్రణ మండలి నుండి పొందవచ్చును. అంతవరకు ఊరిలోని పాత పెట్టెలను లెక్క వ్రాయించి, పగులకుండ ఒక పొడి గదిలో ఉంచుడు. మండలములోని నాలుగైదు గ్రామములు కలిసి ఒక లారీకి సరిపడ కూర్చినచో రవాణా ఖర్చు తగ్గును.