ఏది నేయవలయునో నిర్ణయించు ఉద్యోగము



ప్రాడక్టు మేనేజరు ఉద్యోగముయొక్క భవిష్యత్తును గూర్చి మాటలాడుమని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరిరి. పేరు మన పెద్దలకు క్రొత్తది. పని క్రొత్తది కాదు. మన మగ్గముల యిండ్లలో బట్ట నేయువాడొకడు. ఈ యేడు సంతలో ఏ అంచు, ఏ రంగు చెల్లునో కనిపెట్టి నూలు పంచువాడు మరియొకడు. నేత యెంత నాణ్యమైనదైనను లాభములో పెద్దపాలు ఎవరికి దక్కినదో మీకు వేరుగ జెప్పనక్కరలేదు. కంప్యూటరు కంపెనీలో నా రెండవవాడే ప్రాడక్టు మేనేజరు. వస్తువు ఎవరికి కావలయును, మొదట నేది చేయవలయును, ఏది మానవలయును అని నిర్ణయించుట యతని పని. 1931లో అమెరికాయందు ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీలోని నీల్ మెకెల్‌రాయ్ వ్రాసిన మూడు పుటల పత్రమే దీనికి మూలమందురు.

1998లో మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమైనది మొదలు మన బిడ్డలు పెక్కుమంది ఆ ప్రాంతమున కొలువులలో జేరిరి. వారిలో అధికసంఖ్యాకులు సముద్రమున కావల నెవరో నిర్ణయించిన దానిని నేసియిచ్చు నేతగాండ్రుగనే యుండిరి. కూలి ఘనమైనది గనుక నెవరును ఆక్షేపింపలేదు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన పిదప ప్రోగ్రాము వ్రాయుపనిలో కొంత యంత్రమే చేయుచున్నది. నేత చౌకయైనపుడు ఏది నేయవలయునో యెరిగినవాని విలువ పెరుగునని మా యభిప్రాయము. ఇది విని రేపే మీ బిడ్డలను అమీర్‌పేటకు బంపి సర్టిఫికెట్టు కొనిపెట్టుదురేమో! తొందరవలదు. ఈ యుద్యోగమునందును సభలు జరుపుచు, పట్టికలు నింపుచు, ఒకరి మాట నింకొకరికి జేరవేయువారు గలరు. ఆ పని యంత్రమునకును చేతనగును. అట్టి కొలువులు నిలుచునని మేము నమ్మము. 2023లో ఎయిర్‌బీఎన్‌బీ అధిపతి బ్రయన్ చెస్కీ తన కంపెనీలో పాతరీతి ప్రాడక్టు మేనేజరు పదవిని తీసివేసితినని చెప్పినపుడు సభలోని డిజైనర్లు హర్షధ్వానములు చేసిరి.

మరి నిలుచున దెవరు? 2005 దీపావళికి బెంగుళూరునుండి ఇంటికి రాదలచిన ఫణీంద్ర సామా అను తెలుగు యువకునకు బస్సు టికెట్టు దొరకలేదు. ఏ బస్సులో సీటు ఖాళీగ నున్నదో ఏ ఏజెంటునకును పూర్తిగ దెలియదని యతడు గ్రహించెను. ఇరువురు మిత్రులతో గూడి 2006లో రెడ్‌బస్ స్థాపించెను. మొదట బస్సు యజమానులకొరకు సాఫ్ట్‌వేరు చేసిరి. యజమానులు దానిని కోరలేదు. అంతట ఆ యువకులు దానికే మెరుగులు దిద్దుచు కూర్చుండక, టికెట్ల నమ్ముటకే పూనుకొనిరి. 2013లో ఐబీబో వారు ఆ కంపెనీని కొనిరి. ప్రోగ్రాము వ్రాయగలవారు నాడు బెంగుళూరున కొల్లలు. ఏజెంటు బల్లయొద్దకు బోయి యడిగినవారే కొరత.

గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో ఈ విద్యకు ఎం.టెక్. తరగతి కలదు, రాయదుర్గమున 2022లో టీ-హబ్ నూతన భవనము వెలసినది. అవి మంచివే. కాని అచ్చటికి బోవుటకు ముందు మన విద్యార్థి ఒకరి బాధను దగ్గరనుండి చూచియుండవలదా?

గావున మా సూచన యిది. సంఘపు విద్యార్థివేతనము బొందు ఇంజనీరింగు విద్యార్థినీవిద్యార్థులు వేసవిలో రెండు మాసములు ఒక చేనేత సహకారసంఘమునందో, బేగంబజారు దుకాణమునందో కూర్చుండి, అచ్చటివారి చిక్కులను తెలుగులో వ్రాసి తేవలెను. ఆ మాసములకు భోజనవ్యయము దాతలు భరింపవలెను. ఈ తీర్మానమును నేటి సాయంకాలము విషయనిర్ణయసభ ముందుంచుచున్నాము.